ఆఖరి రెండు పాదాలు

డెరిక్ విల్ఫ్ వీపుకి మోకాలు ఆనించి, నడుం బిగించే కోర్సెట్ తాళ్ళు బలంగా లాగాడు. విల్ఫ్ అద్దం అంచు పట్టుకుని ఊపిరి బిగబట్టాడు.

"ఇంకా లాగు. మొహమాటపడితే ఈ పొట్ట లొంగదు."

"తాళ్ళు తెగుతాయి, విల్ఫ్ గారూ."

"తెగితే తెగనీ. నడుం లేని వంటలమ్మని చూడ్డానికి ఎవరొస్తారు?"

క్రిస్మస్ ఆటలో వంటలమ్మ వేషం మగవాడే వేయాలి. మోర్‌కామ్ ఊళ్ళో అది విల్ఫ్ సొత్తు. ఇప్పుడాయన మోకాళ్ళు అరిగిపోయాయి, వచ్చే ఏడు రానని అందరికీ చెప్పేశాడు. నమ్మినవాళ్ళు తక్కువ.

డెరిక్‌ది రాజు వేషం. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. మెడ ఎముకలు చొక్కాలోంచి పొడుచుకొస్తాయి. మూడేళ్ళుగా నటనే అన్నం పెడుతోంది, అదీ అర్ధాకలితో. టీవీలో మూడుసార్లు శవంగా పడుకున్నాడు, ఒకసారి పోలీసుగా తలుపు తీశాడు. "నీ కొడుకు బతికుంటే టీవీ వాళ్ళకి నచ్చదా అని వీధంతా అడుగుతున్నార్రా" అని ఓల్డమ్ నుంచి వాళ్ళమ్మ దెప్పుతూ ఉంటుంది.

ఆ టీవీ వాళ్ళ నుంచే పొద్దున్న కబురొచ్చింది. బస ఇంటావిడ మిసెస్ ఓగ్డెన్ ఫోను చేతికిచ్చి, పొయ్యి మీద చేప మాడుతున్నా కదలకుండా విన్నది. లండన్‌లో ఎవరో నటుడు కాలు విరగ్గొట్టుకున్నాడట. రేపు పొద్దున్నకల్లా షూటింగుకి లీడ్స్‌లో ఉంటే ఆ పాత్ర డెరిక్‌దే. ఆ పాత్రకు పేరు కూడా ఉంది.

"వెళ్ళు నాయనా. ఇక్కడ కిరీటం ఎవడి తలకైనా సరిపోతుంది" అందావిడ. నాటకం మేనేజరు నాలుగు తిట్లు తిట్టి, రేపటికి వెనక వరసలో పాడే కుర్రాణ్ణి రాజుని చేస్తానన్నాడు. సాయంత్రం దాకా ఎవరికీ చెప్పొద్దన్నాడు. అందరికీ సరే, విల్ఫ్‌కు చెప్పడమెలాగో డెరిక్‌కు తోచలేదు.

ఎందుకంటే ఆట చివర ప్రేక్షకులకు వీడ్కోలుగా చెప్పే రెండు పద్యపాదాలుంటాయి. అవి ఎప్పుడూ విల్ఫ్‌వే. ఈ ఏడు ఆయన వాటిని తీసి డెరిక్ చేతిలో పెట్టాడు. ఆ పాదాలను మొదటి ప్రదర్శనకు ముందు ఎవరూ పైకి పలకకూడదు. పలికితే ఆట మట్టికొట్టుకుపోతుంది. పిచ్చి నమ్మకాల్లో నాటకాల వాళ్ళు ఎవరికీ తీసిపోరు. ఎవడో స్నానం చేస్తూ పాడుకుంటే మర్నాడు కోట తెర కూలి గుర్రం వేషంలో ముందొకడు వెనకొకడుగా దూరిన ఇద్దరి మీదా పడిందని విల్ఫ్ ఒట్టేసి చెబుతాడు.

అందుకే మధ్యాహ్నం ఆఖరి రిహార్సల్లో కూడా డెరిక్ ముందుకొచ్చి, చేతులు చాచి, ఎప్పటిలాగే ఆ పాదాలకు బదులు, "టీపొడి, పంచదార, అగ్గిపెట్టె, సబ్బు" అని గంభీరంగా పలికాడు. అందరూ గొల్లుమన్నారు. విల్ఫ్ కన్ను గీటాడు. "ఓర్చుకో అబ్బాయ్. రేపు నీదే."

డెరిక్‌కు ఏడుపొచ్చినంత పనైంది.

చీకటి పడ్డాక ఇద్దరూ సముద్రం ఒడ్డున బెంచీ మీద కూర్చుని, చెరో పొట్లం వేయించిన ఆలుగడ్డ ముక్కలు తెరిచారు. సన్నగా తుంపర పడుతోంది. విల్ఫ్ చెవి వెనక వేషం తాలూకు ఎర్రరంగు ఇంకా పోలేదు.

"నేను రాత్రి బండికి వెళ్ళిపోతున్నాను" అన్నాడు డెరిక్, పొట్లంలోకి చూస్తూ. తక్కినదంతా ఒక్క ఊపిరిలో చెప్పేశాడు.

విల్ఫ్ ఓ ముక్క నమిలి మింగాడు. ఇంకోటి తీసుకోలేదు.

"ఎన్ని భాగాలు?"

"ఆరు."

"ఎన్నోదాంట్లో చస్తావ్?"

"చావను. చివరిదాకా ఉంటాను."

"మీ అమ్మ బతికిపోయింది." ఆయన నవ్వబోయాడు, కుదరలేదు. "నా ఇరవయ్యో ఏట నాకూ ఓ కబురొచ్చింది. సినిమా వాళ్ళు. ఆట పాడవుతుందని పోలేదు. నేను లేకపోయినా అది ఆడేదే."

విల్ఫ్ మోకాళ్ళు పట్టుకుని లేచి, బెంచీకి ఎదురుగా నిలబడ్డాడు.

"చెప్పు."

"ఏంటి?"

"ఆ రెండు పాదాలు. చెప్పి పో."

"రేపు ఆట..."

"ఆటకేమైనా అయితే నేనున్నాగా. నలుగురు వినాల్సిన మాట నువ్వు కడుపులో పెట్టుకుని పోతే నాకు బావుండదు. చెప్పవయ్యా, తడిసిపోతున్నాను."

డెరిక్ లేచాడు. పొట్లం పక్కన పెట్టి, చేతులు చాచాడు. హాల్లో చివరి వరస పిల్లలకూ వినిపించేటట్టు పలికాడు:

"దీపాలార్పే వేళయ్యింది, ఇక సెలవిప్పించండి;
మేం నవ్వించిన నవ్వులు మీవే, ఇళ్ళకు పట్టుకుపోండి!"

విల్ఫ్ ఒక్కడే చప్పట్లు కొట్టాడు. తడి చేతులతో, ఆగకుండా కొడుతూనే ఉన్నాడు. డెరిక్ నడుం వంచి నమస్కరించాడు, బెంచీ కింద దాచిన పెట్టె ఎత్తుకున్నాడు, స్టేషను వైపు పరుగెత్తాడు. వెనక్కి చూస్తే వెళ్ళలేనని అతనికి తెలుసు.

తర్వాత టీవీలో ఊరూ పేరూ ఉన్న మనుషులుగా అతను చాలాకాలం బతికాడు. అంత గట్టిగా చప్పట్లు మాత్రం మళ్ళీ వినలేదు.

డెరిక్ కనుమరుగు కాగానే విల్ఫ్ బెంచీ మీద కూలబడ్డాడు. పక్కన డెరిక్ పొట్లం తెరిచే ఉంది. ఒక్క ముక్కయినా తినలేదు. తుంపరలో, పాత పేపరు మీద, అది ఇంకా ఆవిర్లు కక్కుతోంది.