గడ్డకట్టిన మందు

లాండ్రీలో ఆమెను అందరూ మొండమ్మ అనేవారు. ఆ పేరు ఊరికే రాలేదు. ఆవిరి రోలర్ల మధ్య దుప్పట్లు మడతపెట్టే ఆ హాల్లో ఎండాకాలం, వానాకాలం అంటూ తేడా లేదు. పనివాళ్లు సంచులు పెట్టుకునే ఇనుప బీరువా బాయిలర్ గోడకే ఆనించి ఉండేది. పోయిన నెల ఆ వేడికి ఆమె ఇన్సులిన్ పాడైపోయింది. అది తెలియక రోజూ పొడుచుకుంటూనే ఉంది. షుగర్ విపరీతంగా పెరిగి, కళ్లు బైర్లు కమ్మి, తిరిగే రోలర్ మీదే పడబోయింది. ఆ దెబ్బతో మేనేజరుతో పోట్లాడి, ఆయన గదిలోని ఫ్రిజ్ తలుపులో తన ఇన్సులిన్ పెన్నుకు చోటు సాధించుకుంది.

ఈరోజు భోజనాల వేళకు వెళ్లి చూస్తే తలుపు నిండా ఆయనగారి కూల్‌డ్రింకులే. పెన్ను పైన డీప్ ఫ్రీజర్‌లో బిర్రబిగుసుకుని ఉంది.

"నేనే పెట్టానమ్మా. ఎంత చల్లగా ఉంటే అంత మంచిదిగా," అన్నాడు మేనేజరు, ఏదో మేలు చేసినవాడిలా.

"గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు సార్. కరిగినా వాడకూడదు."

"కాసేపు గుప్పిట్లో పట్టుకో, అదే నీళ్లవుతుంది. అవతల దుప్పట్లు గుట్టపడి ఉన్నాయి. రాద్ధాంతం చేయకు."

మొండమ్మకు ఒళ్లు మండిపోయింది. చచ్చిన మందు ఇంకోసారి ఒంట్లోకి ఎక్కించుకోవడానికి ఆమె సిద్ధంగా లేదు. తిన్నగా హాల్లోకి వెళ్లి రోలర్ ఆపేసింది.

"మందుల షాపుకెళ్లి కొత్తది తెచ్చుకుంటాను. అది పొడుచుకుని, భోంచేశాకే ఇది తిరుగుతుంది."

"వెళ్తే మళ్లీ రానక్కర్లేదు," వెనకే వచ్చిన మేనేజరు గుడ్లురిమాడు.

"వస్తాను. ఆపి చూడండి."

"ఆగవే," అంది పెద్దమ్మ.

హాల్లో అందరికంటే పాత మనిషి ఆవిడ. మొండమ్మను సూదుల మహారాణి అని ఆటపట్టించేది కూడా ఆవిడే. ఇప్పుడు నడుముకు దోపుకున్న గుడ్డసంచిలోంచి తన పెన్ను బయటికి తీసింది. తనకూ షుగరుందని తెలిస్తే పని ఎక్కడ పోతుందోనని దాన్ని ఇన్నేళ్లూ ఆ వేడిలోనే, ఒంటికి అంటిపెట్టుకుని దాచుకుంది. మొండమ్మకు జాలి, కోపం రెండూ ఒక్కసారే ముంచుకొచ్చాయి.

"నాకూ ఇదే తీసుకురా. ఇందులో మందు ఏనాడు చచ్చిందో ఏమో."

అని ఊరుకోలేదు పెద్దమ్మ. మేనేజరు గదిలోకి నడిచి, ఫ్రిజ్ తలుపులోని సీసాలన్నీ ఆయన బల్ల మీద వరసగా పెట్టింది.

"పనిలోంచి తీసేసేదుంటే ముందు నన్ను తీసేయండి సార్. దుప్పట్లు మీరే మడతపెట్టుకుందురుగాని."