నూకరత్నము నడుపని కారు

పుష్యమాసపు తుదిదినములు. శారదానదీతీరమందలి చెఱకుతోటలను ముసురుకొనిన ప్రాతఃకాలపు మంచుతెర బాలభానుని లేతకిరణములు సోకి మెల్లమెల్లగా విచ్చుచుండ, గానుగలయొద్ద విశాలమైన పెనములలో మఱుగుచున్న చెఱకురసపు కమ్మని పరిమళము పైరగాలితో గలిసి అనకాపల్లి పట్టణమునందలి వీథివీథిని బ్రవేశించి నిద్రించువారిని లేపుచు లేచినవారికి నోరూరించుచుండెను. అట్టి శుభవేళ గవరపాలెమునందొక మేడయింటి వాకిట ముందుభాగము సొట్టపోయి దీపములలో నొకటి పగిలిపోయిన తెల్లని కారొకటి దీనముగా నిలిచియుండెను.

ఆ కారు బెల్లపువర్తకుడైన సన్యాసిరావుదని యూరివారందఱు ననుకొందురు. సన్యాసిరావును అట్లే యనుకొనును. సర్కారువారి దస్త్రములయందు మాత్రము అది యాతని భార్య నూకరత్నముది. కారు కొననెంచిననాడు పురోహితుడు వచ్చి జాతకములు తిరుగవేసి వాహనయోగము మగనికి లేదు ఇల్లాలికి దివ్యముగానున్నదని తేల్చిచెప్పుటచే రిజిస్ట్రేషనును బీమాయు నామె పేరనే జరిగెను. చూపినచోటనెల్ల చేవ్రాలు చేసి యామె పూజకు పులిహోర కలుపుటకై వంటయింటిలోనికి వెడలెను. యోగము భార్యది. తాళపుచెవి భర్తది. ఇంతకన్న సుఖమైన యేర్పాటు సన్యాసిరావునకు తోచలేదు.

నూకరత్నమునకు కారు నడుపుట తెలియదనుకొందురేమో! నర్సీపట్నమున టాక్సీ నడిపి కుటుంబమును పోషించిన తండ్రి పెండ్లికి ముందే యామెను ప్రక్క గూర్చుండబెట్టుకొని లంబసింగి ఘాటుదారి మలుపులలో పొగమంచునందు సైతము చక్రము వణకకుండ నడుపుట నేర్పెను. ఆ తండ్రి తన యాయుష్కాలమున నొక్క మేకపిల్లనైనను గ్రుద్ది యెఱుగడు. ఆ విద్య యామెకు పుట్టినింటి నగలకంటె ప్రియమైనది. నగలు పెట్టెలోనున్నను నగలే. విద్య పెట్టెలోనుండిన తుప్పుపట్టునని యామె దిగులు. కావుననే లైసెన్సు గడువు తీరకముందే తానే పోయి పొడిగించుకొనుచు వచ్చెను. ఏనాటికైనను అక్కఱకు వచ్చునని యాశ.

ఆ దినము రానేలేదు. ఆమె యడిగినప్పుడెల్ల సన్యాసిరావు నవ్వి ఆడువారు బండి నడుపనారంభించినచో ఊరిలో కరెంటుస్తంభములు మిగులవనెడివాడు. నలుగురిలోననెడివాడు, నలుగురును నవ్వెడివారు. అంతమాత్రమున నాతడు దుర్మార్గుడనుకొనరాదు. కొత్తబెల్లము మండీకి వచ్చిననాడు మొదటి యచ్చు ఇంటికే తెచ్చును. భార్యకు జ్వరము వచ్చిన వ్యాపారము మానుకొని మంచముప్రక్కనే కూర్చుండును. ఈ యొక్క చక్రము విషయమున మాత్రమే యాతడు మొండిఘటము.

అట్టి మహానుభావుడు మొన్న సాయంకాలము మండీనుండి వచ్చుచు ఒడిలో మ్రోగిన ఫోనువంక చూచి తలయెత్తునంతలో వీథిమూలనున్న కరెంటుస్తంభమును గ్రుద్దెను. దైవకృపచే నెవరికిని దెబ్బ తగులలేదు. ఇంటికి వచ్చి బీమాకై కాగితములు వెదకగా నాతని లైసెన్సు గడువు నిరుటి వానకాలముననే తీరినట్లు తెలియవచ్చెను. చెల్లుబాటగు లైసెన్సు లేనివాడు నడిపిన బండికి బీమావారు చిల్లిగవ్వ యీయరు. 

నష్టము లెక్కగట్టుటకై బీమాసంస్థవారు పంపిన సర్వేయరు ఆ ప్రాతఃకాలముననే వచ్చి తలుపు తట్టెను. దక్షిణామూర్తి యను నాతడు వయసుమళ్ళిన సౌమ్యుడు. తలుపు తీసిన నూకరత్నమును జూచి యజమానిగారున్నారా యని యడిగెను. స్నానము చేయుచున్నారు, ఇప్పుడే వత్తురని యామె చెప్పెను. అతడు చేతిలోని కాగితమువంక నొకమాఱు చూచి నూకరత్నముగారనగా నెవరని ప్రశ్నించెను.

“నేనేనండి.”

“మరైతే యజమాని మీరేకదమ్మా.”

కాపురమునకు వచ్చినది మొదలు యజమానియనగా భర్తయేయని యామె నోటికి అలవాటు. ఆ మాట తన్నే చూపుట విని మొదట నామెకు నవ్వు వచ్చెను. తరువాత నదేమో వెన్ను నిటారైనట్లు తోచెను. సర్వేయరు కారును పరీక్షించుటకై వాకిటికి దిగగా నామె కాఫీ కలుపుటకు లోనికేగెను.

తడితలతోనే సన్యాసిరావు వంటయింటి గుమ్మముకడకు వచ్చి గొంతు తగ్గించెను.

“రత్నం, చిన్న మాట. మొన్న బండి నువ్వే తోలేవని చెప్పీ. నీకు లైసెన్సుంది కదా. ఒక్క ముక్కతో అయిపోద్ది.”

ఆమె చేతిలోని గిన్నెను పొయ్యిమీద నుంచి భర్తవంక తిరిగెను. ఆడుదానివి నీకేల యని యిన్నియేండ్లు చక్రము ముట్టనీయని మనుజుడు స్తంభమును గ్రుద్దిన పిదప మాత్రము దానిని తనచేతిలో పెట్టుచున్నాడు!  కన్నులలో నీరు తిరిగినది. బదులు పలుకకుండుటయే యంగీకారమని తలచి యాతడు భుజము తట్టి ముందుగదిలోనికి పోయెను.

భర్తమాట కాదనుట యామెకు అలవాటు లేదు. ఔననుటయో, సులభము. కాని ఔనన్న మఱుక్షణమునుండి స్తంభమును గ్రుద్దినది నూకరత్నమేయని కాగితముమీద నిలిచిపోవును. నేడు బీమావారికై చెప్పిన మాట రేపు మఱదులకును తోడికోడండ్రకును పరిహాసమగును. కొన్నాళ్ళకు సన్యాసిరావే దానిని నిజమని నమ్మును. మరల నెన్నడును కారు నడిపెదనని యడుగుటకు తనకు నోరుండదు. తండ్రి నేర్పిన విద్యకు తానే మచ్చ తెచ్చినదగును. నిజము చెప్పినచో భర్త పరువు పోవును. ఈ రెంటినడుమ నామె ప్రాణము కొట్టుమిట్టాడెను. కాఫీ పొంగి పొయ్యిమీద పడినది. అది తుడిచి మరల కలిపి తీసికొని ముందుగదిలోనికి వచ్చెను.

దక్షిణామూర్తి కలము తెఱచి బండి నడిపినదెవరో యజమానురాలి నోటనే వినవలెనని సెలవిచ్చెను. సన్యాసిరావు భార్యవంక చూచి కనురెప్పలతో బ్రతిమాలెను. ఆమె పళ్ళెము బల్లమీద నుంచి చేతులు కొంగుతో తుడుచుకొని నెమ్మదిగా బలికెను.

“నేను తోలలేదండి. కొన్నకాడ్నించీ ఈ కారు నన్నొక్కసారీ తోలనివ్వలేదు. ఎవరు తోలేరో, తోలినోరే చెప్తారు.”

 సన్యాసిరావు ముఖము కందగడ్డయయ్యెను. ఆమె భర్తపేరు చెప్పలేదని యాతడు గ్రహించెను. చెప్పు భారమును తనకే విడిచినది. అబద్ధమునకు దారి మూసినది గాని, తలయెత్తుకొనుటకు దారి తెఱచియే యుంచినది. అతడు భార్యను జూచెను. ఆమె కొంగుచివరను వ్రేళ్ళకు బిగించి చుట్టుకొనుచుండెను. ఎన్నడు నిట్టి భయము ఆమె చేతులలో నాతడు చూచియుండలేదు. చివఱకు సర్వేయరువైపు తిరిగి,

“నేనేనండి. లైసెన్సు అయిపోయింది, చూసుకోలేదు. ఫోను చూస్తా గుద్దీసేను,” అనెను.

దక్షిణామూర్తి నిట్టూర్చి బీమాసొమ్ము రానేరదని తెలిపి, కాఫీ త్రాగి, బాగుండినదని మెచ్చుకొని వెడలెను.

తరువాత రెండుమూడు దినములు సన్యాసిరావు ముభావముగానుండెను. పెట్టినది తినుచు అడిగినదానికి ముక్తసరిగా బదులిచ్చుచు తిరిగెను. తాను చేసిన పని తప్పేమోయని నూకరత్నము లోలోన నలిగిపోయెను. అతని కోపము భార్యమీద గాక తన తప్పుమీదనేయని యామె కర్థమగుటకు ఆ దినములు పట్టినవి. సొంతసొమ్ముతో బాగుచేయించిన కారు ఇల్లు చేరిన మఱునాడు లైసెన్సు పొడిగించుకొనుటకై రవాణాకార్యాలయమునకు పోవలసియుండ, నాతడు ఆటోను పిలువక వాకిటనే కొంతసేపు తచ్చాడి లోనికి వచ్చి తాళపుచెవి యామె చేతిలో నుంచెను.

“తప్పయిపోయింది రత్నం. నువ్వు తోలు. నేను పక్కన కూకుంటాను.”

 చెప్పులు వేసికొని వచ్చి ఆసనము ముందునకు జరుపుకొని అద్దములు సరిచేసికొని కారు కదలించెను. ప్రక్కన సన్యాసిరావు ప్రతి మలుపునను లేని బ్రేకును కాలితో నొక్కుచు ఎదుట సైకిలు కనబడిన “చూసుకో” యనుచు పైనున్న పిడిని పట్టుకొని వ్రేలాడెను. ఆమె ముసిముసినవ్వులు దాచుకొని మీరు కాసేపూరకుండుడని మందలించెను. అతడూరకుండెను. వంతెన మొదట చెఱకులోడు ట్రాక్టరొకటి యడ్డమురాగా నామె తొణకక బెణకక ప్రక్కకు తప్పించుట చూచి పిడిని వదలి చేతులు ఒడిలో బెట్టుకొనెను.

కార్యాలయమున పని ముగిసి లైసెన్సు పొడిగించిరి. బయటికి వచ్చినపిమ్మట నూకరత్నము తాళపుచెవిని భర్తకు చాచెను. ఇక నాతడు నడుపుటకు అడ్డమేమియు లేదు. మరల నా చక్రము తనకు దక్కునో దక్కదోయని యామె యొకమాఱు సంశయించెను. సన్యాసిరావు దానివంక చూచి, ఎండవంక చూచి, చుట్టు తిరిగిపోయి ఎడమవైపు తలుపు తెఱచికొని కూర్చుండెను.

“నువ్వే పోనీ,” అనెను.

పరులు నడుపు బండిలో నాతడు కన్నుమూసినవాడు కాడు. విశాఖకు పోవు బస్సులో సైతము డ్రైవరుమీద నొక కన్ను వేసియుంచువాడు. అట్టివాడు ఊరిపొలిమేర చేరకమునుపే తల ప్రక్కకు వాల్చి నిద్రపోయెను. నోరు కొంచెము తెఱచుకొని మెల్లగా గుఱకయు పెట్టనారంభించెను. నూకరత్నము పమిటచెంగుతో కన్నులొత్తుకొని ముందునకు చూచెను. ఎదుట గుంతలదారి యుండెను. ఆమె వేగము తగ్గించి, ఆతని నిద్ర చెడకుండ, కారును ఒక్కొక్క గుంతనే మెల్లగా దాటించెను.