రెండో గొంతు

"సర్కారు పాట అంటే ఏంది, చెప్పు."

పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టె కొడుతున్నాను. మా బావ గట్టయ్య గడపకు ఆనుకుని బీడీ కాలుస్తూ అడిగాడు. మేనబావే మొగుడైనవాడు. పెళ్లయిన ఇన్నేళ్లకు నన్ను కూర్చోబెట్టి చదువు చెప్పడం అదే మొదలు.

"సర్కారోళ్లు ముందుగాల అనుకున్న ధర. దానికి తక్కువ పాడితే చెల్లది."

"లాటు?"

"ఒక్క కుప్ప. మంచిది, చెడ్డది అని ఏరుకునేది లేదు. కుప్పకు కుప్ప కొనాలె."

"డిపాజిట్?"

"ఆ లాటుకు ముందు పైసలు కట్టినోళ్లే పాడాలె. మాట తప్పితే ఆ పైసలు పోతయ్."

"ఉన్నది ఉన్నట్టు, ఉన్న చోట?"

"ఎట్లున్నదో గట్లనే తీసుకోవాలె. తర్వాత పని చేస్తలేదని లొల్లి పెడితె వినరు."

మంచంలో పడుకున్న అత్త సారవ్వ కదిలింది. "మా కాలంల పెండ్లిచూపులకు గూడ గిదే మాట చెప్పేటోళ్లు," అంది. బావ నవ్వాడు. నేనూ నవ్వాను. రొట్టె మాడింది.

గోదావరిఖని బజారులో మాది పాత ఇనుము దుకాణం. గనుల్లో పనికిరాకుండా పోయిన పంపులు, మోటార్లు, తాళ్ల చక్రాలు కంపెనీవాళ్లు వేలం వేస్తారు. వేలానికి ముందురోజు వ్యాపారులంతా చాంద్ పాషా హోటల్లో చాయ్ తాగుతూ లోపలి పాట పాడుకుంటారు. ఏ లాటు ఎవరిదో అక్కడే తేలిపోతుంది. మర్నాడు అసలు వేలంలో మిగతావాళ్లు నోరు మూసుకుంటారు. ఇన్నాళ్లూ అలాగే నడిచింది. ఆ ఏడు కొత్త ఆఫీసరు వచ్చాడు. ఒక్క గొంతే పలికితే అది వేలమే కాదన్నాడు. వ్యాపారుల మొహాలన్నీ గుర్తుపెట్టుకున్నాడు. దాంతో ప్రతివాడికీ కొత్త మొహంతో ఒక రెండో గొంతు కావలసి వచ్చింది. హోటల్‌తో పాటు పాత ఇనుము వ్యాపారమూ చేసే చాంద్ పాషా తన బామ్మర్దిని తెచ్చుకున్నాడు. మా బావ నన్ను ఎంచుకున్నాడు.

"నీకైతే వాటా ఇచ్చే పని లేదు గద," అన్నాడు.

ఒక్కసారి పాడాలి. ఆయన పైకి పాడగానే కూర్చోవాలి. నా పని అంతే. ఆ లాటు ఏమిటని అడిగాను. కంపెనీ క్యాంటీనులో ఉన్న పాత పిండి గిర్ని అన్నాడు. మోటారు, రాళ్లు, వాటిని తిప్పే బెల్టు అన్నీ ఉన్నాయట.

ఆ మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు. బజారులో ఉన్నది ఒక్కటే గిర్ని, మొగిలిది. జొన్నలు నెత్తిన పెట్టుకుని నడిచి వెళ్లి, వరసలో గంటలకొద్దీ నిలబడాలి. మొగిలి మొగవాళ్ల సంచులు ముందు పోస్తాడు. మా వంతు వచ్చేసరికి కరెంటు పోతుంది. మళ్లీ మూట నెత్తికెత్తుకుని ఇంటికి, మళ్లీ మర్నాడు. అత్తకు మెడ పట్టేసి మంచాన పడింది ఆ మూటల వల్లే. ఇప్పుడు ఆ మెడ నొప్పి నాకు సంక్రమించింది, ఇంటి తాళంచెవుల కన్నా ముందే. మా వాకిట్లో ఓ గిర్ని ఉంటే, నేనే నడుపుకుంటే, కాలనీ ఆడవాళ్లంతా నా దగ్గరికి వస్తే. ధైర్యం చేసి బావను అడిగాను.

"నువ్వు గిర్ని కాడ కూసుంటె రొట్టెలెవరు చేస్తరు?" అన్నాడు. అప్పటికే దాన్ని మొగిలికి అమ్మడానికి మాట ఇచ్చేశాడు. రెండో గిర్ని ఊళ్లోకి రాకుండా మొగిలే కొని దాచుకుంటాడట.

వేలం రోజు స్టోర్ యార్డులో రేకుల షెడ్డు కింద నిలబడ్డాం. గుమాస్తా పేర్లు చదివాడు. మేం మొగుడూ పెళ్లాలమని తెలియకుండా బావ నా పేరు మా నాయన ఇంటిపేరుతో రాయించాడు. "ఎర్రం పూలమ్మ గారు," అని పిలిచాడు గుమాస్తా. ఎవరో అనుకుని పక్కకు చూశాను. ఇంట్లో నన్ను 'ఇగో' అనే పిలుస్తారు. బజారులో గట్టయ్య పెండ్లాన్ని. పూలమ్మ బతికే ఉందని ఆ రేకుల షెడ్డు కింద తెలిసింది.

బావ పాడాడు. నేను పాడాను. బావ పైకి పాడి, ఇక కూర్చో అన్నట్టు చూశాడు.

నేను ఇంకా పైకి పాడాను.

వెనక ఎవరో దగ్గారు. బావ నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. ఇంకో మాట పాడాడు. నేను దాన్నీ దాటాను. అమ్మ ఇచ్చిన వెండి కడియాలు, బంగారు గుండ్లు మనసులోనే తూచుకున్నాను. సరిపోతాయి. బావ అరవలేదు, కొట్టలేదు. చిన్నగా నవ్వి చేతులు కట్టుకున్నాడు. ఆ నవ్వు చూసి అప్పుడే భయపడాల్సింది. నేను గెలిచాననుకున్నాను.

"ఒకటోసారి. రెండోసారి. మూడోసారి." ఆఫీసరు బల్ల మీద కొట్టాడు.

కడియాలు, గుండ్లు అమ్మి మిగతా డబ్బు కట్టేశాను. రసీదు చేతికిస్తూ గుమాస్తా, "సరుకు జల్ది ఎత్తుకపోవాలమ్మా, గడువు దాటితే పైసలూ రావు, సరుకూ రాదు," అన్నాడు. ఎత్తుకపోవడం. ఆ మాట బావ నాకు నేర్పలేదు. అన్నీ నేర్పి ఆ ఒక్కటీ వదిలేశాడు.

గిర్ని క్యాంటీను నేలలో సిమెంటు దిమ్మెకు బోల్టులతో బిగించి ఉంది. ఉన్న చోట అంటే అది. విప్పుకోవడం, మోసుకోవడం కొన్నవాళ్ల పని. ఇంటికి వచ్చి బావకు చెప్పాను.

"నీ గిర్ని. నువ్వే తెచ్చుకో," అన్నాడు. అన్నం ముందు కూర్చుని, ఇంకాస్త పప్పు వెయ్యమన్నాడు.

లారీ కోసం చాంద్ పాషా దగ్గరికి వెళ్లాను. కూర్చోమన్నాడు, చాయ్ తెప్పించాడు. "భాభీ, నా లారీ నీదే. గట్టన్నతోని ఒక్క మాట చెప్పించు," అన్నాడు. ఫిట్టరు రాజం డ్యూటీ ఉందన్నాడు. హమాలీలు తలలు వంచుకున్నారు. బండి సదయ్య ఒప్పుకుని, యార్డు గేటు దాకా వచ్చి, అక్కడ బావ నిలబడి ఉండటం చూసి ఎద్దులను వెనక్కి తిప్పాడు. ఒక పానా అడిగి తెచ్చుకుని ఒంటరిగా వెళ్లాను. తుప్పు పట్టిన బోల్టు మీద రెండు చేతులతో వేలాడాను. అరచేతులు చీరుకుపోయాయి. బోల్టు కదలలేదు. క్యాంటీను మొగవాళ్లు చాయ్ గ్లాసులు పట్టుకుని చూస్తూ నిలబడ్డారు.

ఇంటికి వస్తే అత్త నా చేతులకు పసుపు నూనె రాసింది. ఎప్పుడూ రాయనిది. "మొన్న వేలం సంగతి విని గొంతు లేపినవని తిట్టుకున్న," అంది మెల్లగా. "అసొంటి గిర్ని నేను మంచాన పడకముందే వస్తె, మెడ తిరుగుతుండెనేమో." బావ చెప్పుల చప్పుడు వినగానే చేయి వదిలేసి అటు తిరిగి పడుకుంది.

గడువు దాటింది. డబ్బు పోయింది, గిర్ని మళ్లీ కంపెనీదయింది. నా డబ్బు ఎలాగూ మిగిలింది కాబట్టి రెండో వేలానికి కంపెనీవాళ్లు సర్కారు పాట తగ్గిస్తారని బావకు ముందే తెలుసు. అందుకే ఆ రోజు నవ్వి చేతులు కట్టుకున్నాడు. నా కడియాలు ఆయన లాభంలో ఒక భాగం.

"మల్ల నువ్వే రావాలె," అన్నాడు, ముద్ద కలుపుతూ. "ఒక్కసారి పాడి కూసో. ఈసారి తిక్క వేషాలెయ్యకు. పాడేదానికి నీ దగ్గర ఇంకేం లేదు గూడ."

నిజమే. నా దగ్గర ఏమీ లేదు. వెళ్లాను.

అదే షెడ్డు, అదే ఆఫీసరు. ఈ లాటుకు డిపాజిట్ కట్టింది ఇద్దరే, ఆయనా, ఆయన డబ్బుతోనే నేనూ. వెనక మొగిలి నిలబడి ఉన్నాడు, కొనేసిన మొహంతో. బావ తక్కువ ధర పాడాడు. ఆఫీసరు నా వైపు చూశాడు.

"ఎర్రం పూలమ్మ గారు?"

నేను షెడ్డుకు ఎదురుగా ఉన్న క్యాంటీను వైపు చూస్తున్నాను. తలుపులోంచి గిర్ని అంచు కనిపిస్తోంది. ఇంకో వానాకాలం అక్కడే ఉంటే మోటారు తుప్పు పడుతుంది, రాళ్లు పాచిపడతాయి. అది నాకెప్పటికీ రాదు.

"పాడు," అన్నాడు బావ పెదవి కదపకుండా. కాసేపటికి మళ్లీ, "పూలమ్మా, పాడు." నన్ను పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి.

"ఇంకెవరన్నా ఉన్నరా?" ఆఫీసరు మూడుసార్లు అడిగాడు. ఎవరికీ ఆ హక్కు లేదు, నాకు తప్ప. వ్యాపారులంతా నా నోటి వైపు చూశారు. చాంద్ పాషా చేతిలో చాయ్ చల్లారిపోయింది.

"ఒక్క గొంతే. వేలం రద్దు," అని ఆఫీసరు లేచాడు.

గేటు దాకా బావ నా చేయి వదల్లేదు. ఇంకా మానని అరచేతి మీదే ఆయన పట్టు బిగిసింది. ఇంటికి వెళ్లాక ఏం జరుగుతుందో తెలుసు. పిండి నిండుకుంది కూడా, రేపు జొన్నల మూట నెత్తిన పెట్టుకుని మొగిలి గిర్నికే పోవాలి. దారి పొడుగునా ఆయన అడుగుతూనే ఉన్నాడు, ఎందుకు పాడలేదని.

నేను ఇంకా నోరు విప్పలేదు.