మెట్ల లెక్క

"అన్నం తినే బల్ల అన్నం తిననీకే ఉండాలె. పొద్దుందాక గీ కంప్యూటర్ పెట్టుకుంటే నేను కందులు ఏడ ఏరుకోవాలె?" చాట పట్టుకుని నిలబడ్డ ఇంద్రమ్మ మళ్లీ అడిగింది.

"జర ఆగు అత్తమ్మా, అయిపోవచ్చింది," అంది నిరోషా. వారం నుంచీ అదే మాట.

వికారాబాద్‌లోని ఆ ఇంట్లో ఉన్న బల్ల అదొక్కటే. స్థలం కొలతలిస్తే ఇంటి ప్లాన్ తనంతట తనే గీసే సాఫ్ట్‌వేర్‌ను హైదరాబాద్ కంపెనీ కోసం నిరోషా అక్కడే కూర్చుని రాస్తోంది. ఆమె భర్త రాజేందర్ తాండూరులో దుకాణం పెట్టుకుని అవే ప్లాన్లు చేత్తో గీస్తాడు. ఏడాదిగా అతని గిరాకీ పడిపోయింది. ఎందుకో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు.

ఆ సాయంత్రం రైలు దిగి వచ్చిన రాజేందర్ ముఖం చాన్నాళ్లకు వెలిగింది.

"నిరోషా, నీ సాఫ్ట్‌వేర్‌కు మెట్లు లెక్కపెట్టుడు రాదు! శంకరప్ప సేటు మీ కంపెనీ ప్లాన్ తెచ్చిండు. ఇరవై మెట్లు. లాభం, నష్టం అనుకుంట లెక్కపెడితే ఆఖరిది నష్టం మీద పడ్డది. గా ఇంట్ల కాలు పెడ్తనా అన్నడు. ఇంకో మెట్టు కలిపి నేనే గీసిచ్చిన."

"మరి! ఊకుంటరా ఎవరన్నా?" ఇంద్రమ్మ నవ్వింది. నిరోషా కూతురు శ్రేయ వాకిట్లోకి ఉరికి, మెట్లెక్కి లెక్కపెట్టి, "మనది లాభమే!" అని అరిచింది.

నిరోషా కూడా నవ్వింది. ఈ ఫిర్యాదు మధ్యాహ్నమే కంపెనీ నుంచి ఆమెకు వచ్చింది. ఈశాన్యంలో బోరు, ఆగ్నేయంలో పొయ్యి, ఇట్లాంటివి ఒక్కొక్కటే సాఫ్ట్‌వేర్‌కు నేర్పుతూ వచ్చింది. నేర్పిన ప్రతిసారీ తాండూరులో రాజేందర్ దగ్గరికి వచ్చేవాళ్లు కొందరు తగ్గారు. చివరికి మెట్లు మిగిలాయి.

కంప్యూటర్‌ను పక్కకు జరిపి అందరూ అన్నానికి కూర్చున్నారు.

"మెట్ల సంగతి కంపెనీవాళ్లు కూడా అడిగిన్రు. రేపటికి సరిచెయ్యాలె," అంది నిరోషా, కంచం వైపు చూస్తూ.

రాజేందర్ పప్పన్నం కలుపుకున్నాడు. "మస్తు పని ఉంటదా?"

అబద్ధమాడే ఓపిక ఆమెకు లేదు. "లేదు. ఒక్క లైను."

ఇంద్రమ్మ కొడుకు వైపు చూసింది. అతను నీళ్లు తాగి గ్లాసు కింద పెట్టాడు.

"అయితే రాసెయ్యి," అన్నాడు మెల్లగా. "నెలాఖరుకు దుకాణం ఖాళీ చేస్త. నా గీతల బల్ల ఇంటికి తెస్త, నీ కంప్యూటర్ దాని మీద పెట్టుకో. గీ బల్ల ఇగ అమ్మకే."