అరచేతి పేము

చద్దన్నం తిని చెయ్యి కడుక్కోగానే హరిమతి కత్తిపీట ముందేసుకుని కూర్చునేది. కుడి అరచేతిలోంచి రాత్రికి రాత్రే పెరిగిన పేముతీగను కోసి, ముళ్లు గీకి, బుట్టలల్లేది. రెండేళ్ల కిందట హర్మాదులు, ఆ సముద్రపు దొంగలు, బాక్లా తీరంలో దొరికినవాళ్ల అరచేతులు పొడిచి, బెజ్జాల్లోంచి పేముబద్ద దూర్చి, పూసల్లా గుచ్చి పడవెక్కించారు. హరిమతి తెంపుకుని ఏట్లో దూకింది. కూతురు బిందు దూకలేకపోయింది. చేతిలో మిగిలిన ముక్క చిగురించింది.

"అక్కా, మా కోళ్లగంపకి కాస్త లావుగా పెంచవే," అనేది పక్కింటి ఖేంతి.

"కోళ్లకి కాదే, ఆ వెధవలకి పెంచుతున్నా," అనేది హరిమతి.

ఏరు పోటు మీదున్నప్పుడు వాళ్లు మళ్లీ వచ్చారు, పట్టపగలే. ఖేంతితో సహా సగం ఊరిని పట్టారు. తెచ్చుకున్న పేము చాల్లేదు. సర్దారు హరిమతి చెయ్యి చూసి పకపకా నవ్వాడు.

"బెజ్జం కూడా సిద్ధంగా పెట్టుకుందిరా ముసల్ది!"

పొద్దున కోయగా మిగిలిన తీగ మొదలునే పట్టి లాగాడు. లాగేకొద్దీ వచ్చింది. దాంతోనే అందరినీ గుచ్చి పడవెక్కించాడు, బుద్ధిలేనివాడు.

పడవ మలుపు తిరక్కముందే తీగ ఊరివాళ్ల చేతుల్లోంచి మెల్లగా జారుకుని, తెడ్లు పట్టిన చేతుల్లోకి దూరింది. ఒక్కొక్కడూ కుయ్యోమన్నాడు. హరిమతి కడుపు చల్లబడింది. నాకూ చల్లగానే ఉంది, దాచుకోవడమెందుకు?

"నా బిందు ఏదిరా?"

"తమ్లుక్ రేవులో అమ్మేశాం తల్లీ!" అన్నాడు సర్దారు. ఇందాకటి ముసల్ది ఇప్పుడు తల్లయింది.

ఊరివాళ్లను ఒడ్డున దింపింది. "నువ్వూ దిగక్కా," అంది ఖేంతి, చేతికి గుడ్డ చుట్టుకుంటూ.

"పిల్ల లేకుండా దిగి ఏం చెయ్యను? వెయ్యండ్రా తెడ్లు!"

తమ్లుక్‌లో మనుషుల్ని కొనే షావుకారు గొడుగేసుకుని పడవ దగ్గరికొచ్చాడు. మూలుగుతున్న హర్మాదుల కండలు తడిమి చూశాడు.

"గట్టి సరుకే. ఏమిమ్మంటావు?"

"వీళ్ల దగ్గర నువ్వు కొన్న నా కూతుర్ని. గడ్డం కింద పుట్టుమచ్చ."

"అదా! పోయినేడే ఓడెక్కించేశాను. ఇప్పుడెక్కణ్ణుంచి తేనమ్మా?"

"ఎటు పోయిందో తెలుసా?"

"తెలియకేం, పంపింది నేనేగా."

"అయితే ఎక్కు. దారి చూపిద్దువుగాని," అంది హరిమతి.

తీగ కొస అప్పటికే అతని అరచేయి దాటింది. షావుకారు పెట్టిన కేక రేవంతా వినబడింది. మూటలు దించే కూలీలెవరూ తలెత్తి చూడలేదు. ఆ రేవులో అలాంటి కేకలు రోజూ వినబడేవే.