టౌనో స్కీ కర్రలు

లెంపీ మోకాళ్లు చూసి ఫిజియో అమ్మాయి తేల్చి చెప్పింది, "స్కీ కర్రల్లాంటివి పట్టుకుని రోజూ నడవండి. సగం బరువు చేతులు మోస్తాయి" అని. లెంపీ తలూపి ఇంటికొచ్చి ఎవరికీ చెప్పలేదు. ఆ ఏడు పియెలవెసి ఊళ్లో ఆ నడకంటేనే నవ్వులాట.

ఆ నడక మొదలుపెట్టింది ఆమె ఆడపడుచు సిల్వీ. మంచు మీద జారే స్కీ చెక్కలు లేకుండా, సరస్సు ఒడ్డు బాటలో ఒట్టి కర్రలు టకటకలాడించుకుంటూ పోతుంటే, కొట్టు ముందు బెంచీ మీద కాఫీ తాగే మగవాళ్లు ఊరుకునేవారు కాదు. అందరికంటే పెద్ద గొంతు ఆమె అన్న టౌనోది. లెంపీ మొగుడు.

"ఏమే సిల్వీ, స్కీలు ఎక్కడ పారేసుకున్నావు? ఇంకా మంచే పడలేదు."

"నీలా బెంచీకి అతుక్కుపోకుండా తిరుగుతున్నాలే అన్నయ్యా."

బెంచీ అంతా గొల్లుమంది. సరుకుల సంచీతో పక్కనే నిలబడ్డ లెంపీ తల దించుకుంది.

సెప్టెంబరులో ఒక పొద్దున టౌనో చేపలకు వెళ్లగానే ఆమె కట్టెల కొట్టంలోకి వెళ్లింది. గోడకు వెదురు స్కీ కర్రలు వేలాడుతున్నాయి. కుర్రతనంలో అతను వాటితోనే పందేలు గెలిచాడు. ఆమెకు భుజం దాకా వచ్చాయి. కాసేపు చేతుల్లో పట్టుకుని నిలబడింది. తర్వాత రంపం తీసుకుని కింది భాగం కోసేసి, పాత చేతికర్రల రబ్బరు బిరడాలు తొడిగింది. సిల్వీని పిలుచుకుని, ఎవరూ చూడకుండా అడవి దారిన నడిచింది.

తిరిగొచ్చేసరికి టౌనో వాకిట్లో ఉన్నాడు, చేతిలో రెండు చేపలు.

"అవి నావి కదూ?"

"నీవే."

"కోశావా?"

"కోశాను."

అతను చేపలు తీసుకుని లోపలికి వెళ్లాడు. ఆ సాయంత్రం సౌనా ఆవిరిగదిలో చాలాసేపు ఒక్కడే కూర్చున్నాడు. భోజనాల దగ్గర బంగాళాదుంప తొక్క తీస్తూ, తలెత్తకుండా అన్నాడు.

"అడిగితే పోయేది కదా."

"అడిగితే ఇచ్చేవాడివా?"

"ఇచ్చేవాణ్ణి కాదనుకో."

"నేను అడగంది ఇవ్వవని కాదు టౌనో. అందరి ముందూ నవ్వుతావని. ఇన్నేళ్లు కాపురం చేసి, నా కాళ్ల నొప్పికి నేను దొంగలా అడవిలో నడవాల్సి వచ్చింది."

"నొప్పి అంతగా ఉందా?"

"మెట్లు దిగేటప్పుడు కళ్లనీళ్లొస్తాయి."

అతను తొక్క తీసిన దుంపను ఆమె పళ్లెంలో పెట్టి, ఇంకోటి అందుకున్నాడు.

మర్నాడు సిల్వీ వచ్చింది. ఇద్దరూ గేటు దాటగానే వెనక బూట్ల చప్పుడైంది.

"ఏంటా పట్టుకోవడం? మట్టి తవ్వుతున్నావా?" అన్నాడు టౌనో. "చెయ్యి పూర్తిగా వెనక్కి పోనీ. తుంటి దాటాక వేళ్లు వదిలెయ్. మణికట్టుకి పట్టీ ఉంది, కర్ర ఎక్కడికీ పోదు."

"మాకు చెప్పొచ్చాడు, తనేమో ఒట్టి చేతులతో" అని సిల్వీ గొణిగింది.

లెంపీ మాత్రం అతను చెప్పినట్టే వేళ్లు వదిలింది. కర్ర వెనక నుంచి ఆమెను ముందుకు నెట్టింది. మోకాలి మీద బరువు తేలికపడటం ఆమెకే తెలిసింది. దారి చీలిన చోట అడవి వైపు తిరగకుండా, కొట్టు మీదుగా పోయే దారి పట్టింది.

బెంచీ మీద నుంచి ఎవరో పిలిచారు. "టౌనో, ఆడవాళ్లకి కాపలా కాస్తున్నావేంట్రా?"

టౌనో చెవులు ఎర్రబడ్డాయి. అయినా ఆగలేదు.

"మోచేయి కొంచెం దించు లెంపీ" అన్నాడు మెల్లగా.

ఆమె దించింది. చర్చి దగ్గరి మిట్ట ఎక్కేసరికి అతను వెనకబడి ఆయాసపడుతున్నాడు. ఆమె ఆగి, అతను వచ్చేదాకా సరస్సు చూస్తూ నిలబడింది.