నదివైపు మూల

గ్వాగ్వా ఊళ్ళో ఎన్ని తగాదాలున్నా ఒక్క విషయంలో మాత్రం అందరిదీ ఒకే మాట. ట్రైసికిల్ నడిపే పొన్సోకి బల్లమీద కర్రతో బంతులు కొట్టే పూల్ ఆట పుట్టుకతో వచ్చింది, కీచురాళ్ళు వేయించి అమ్మే లూమింగ్‌కి చాకిరీతో వచ్చింది. పొన్సో తల్లి ఒకప్పుడు ఆ పూల్ హాల్లోనే ఒక పక్క నూడుల్స్ వండి అమ్మేది. నేలంతా నీళ్ళున్న రోజుల్లో పిల్లాణ్ణి బల్లమీదే పడుకోబెట్టేది. "పువ్వు పుట్టగానే పరిమళిస్తుంది మరి" అనేవారు జనం. లూమింగ్ మాటొస్తే "పాపం, కష్టపడుతుంది" అనేవారు. ఆ "పాపం" వినేసరికి ఆమెకు ఒళ్ళు మండిపోయేది.

మంట సంగతి అలా ఉంచితే, అసలా పుట్టుకతో వచ్చేదేమిటో చూడాలని ఆమెకు మహా ఆరాటం. అది మణికట్టులో ఉంటుందా, కంట్లో ఉంటుందా? పొన్సో ఆడుతుంటే బంతుల్ని వదిలేసి అతన్నే చూసేది. చూడ్డానికేముంది? అరువు కర్ర, అరిగిన చెప్పులు, నోట్లో వేరుశనగలు. వీధిలోంచి ఎవరైనా బండి కావాలని కేకేస్తే ఆట మధ్యలోనే లేచిపోతాడు. అవతలివాళ్ళు బంతులు పేర్చేలోగా ఊరికే ఉండలేక తెల్లబంతిని చేత్తో మెల్లగా అటూ ఇటూ దొర్లిస్తుంటాడు. పసిపిల్లాడి చేష్టలు పోలేదనుకునేది లూమింగ్. ఆమె మాత్రం రోజూ పొద్దున్నే అదే బల్లమీద ఒకే దెబ్బను భుజం లాగేదాకా కొట్టేది.

ఆ బల్లకో గుణముంది. ఏటా వరదకు నాని, నదివైపున్న కాలు నేలలోకి దిగింది. మెల్లగా కొట్టిన బంతి ఆ మూలకు వెంట్రుకవాసి ఒరుగుతుంది. "నది పిలుస్తోంది" అంటారు. పొరుగూరి ఆటగాళ్ళంతా అక్కడే బోల్తా పడేవారు కాబట్టి దాన్ని బాగుచేద్దామన్న బుద్ధి ఎవరికీ పుట్టలేదు.

ఈసారి మనీలాలో జరిగే ఎంపిక పోటీకి ఊరినుంచి ఒక్కరికే చోటు. ఆదివారం వీళ్ళిద్దరూ ఆడాలి, గెలిచినవాళ్ళు వెళ్ళాలి. ఆ పొద్దున హాలు యజమాని, పెద్దాయన తాతంగ్ ఉస్తింగ్ బీరుపెట్టె అట్ట మడిచి, దిగిన కాలికింద దోపి, బల్లను సమం చేశాడు.

"ఇదేం పని తాతంగ్? ఇన్నేళ్ళూ లేనిది ఇవాళే గుర్తొచ్చిందా?" అంది లూమింగ్.

"మనీలా బల్లలు వరదనీళ్ళు తాగవే తల్లీ. చదునుమీద ఎవరు గెలుస్తారో చూడొద్దూ?"

ముందుగా ఏడు ఆటలు గెలిచినవాళ్ళది గెలుపు. బంతుల్ని అంకెల వరుసలో కొట్టాలి, తొమ్మిదో బంతిని పాకెట్ గుంటలో పడేసినవాళ్ళది ఆట. లూమింగ్ మొదటి మూడూ పోగొట్టుకుంది. బల్ల చదునైందని మనసుకు తెలుసు, చేతికి తెలియదు. చెయ్యి అలవాటుకొద్దీ నదికి ఎడంగా గురిపెడుతోంది. తన చాకిరీయే తనకు ఎదురుతిరిగిందని ఆమెకు ఏడుపొచ్చింది.

పొన్సో ఎప్పటిలాగే తెల్లబంతి దొర్లిస్తున్నాడు. ఉండబట్టలేక అడిగేసింది.

"ఎందుకురా అస్తమానం అలా దొర్లిస్తావు?"

"నిన్న ఎటు పోయిందో నాకు గుర్తుండదు అట్సీ. అందుకే అడుగుతా."

"ఎవర్ని?"

"బల్లని." వేరుశనగ తొక్క ఊదేసి నవ్వాడు.

చిన్నప్పుడు అట్సీ, అంటే అక్కా, అని వెంటబడ్డ కుర్రాడు ఎప్పుడూ ఈ మాట చెప్పలేదే అనుకుంది. తనెప్పుడు అడిగింది గనక? తర్వాతి ఆట ముందు తనూ తెల్లబంతిని దొర్లించి, వంగి, అది ఆగేదాకా చూసింది. ఒకటి గెలిచింది, ఇంకొకటి గెలిచింది. చివరికి చెరో ఆరూ అయ్యాయి.

అప్పుడొచ్చాయి సముద్రపు పోటుకు నదిలోంచి పొంగిన నీళ్ళు, గడప దాటి చీలమండల దాకా. ఎవరూ కదల్లేదు, చెప్పులు మాత్రం కిటికీల్లోకి ఎక్కాయి. పొన్సో తన బండిని మెరక మీదికి లాగడానికి పరుగెత్తాడు. అతను వచ్చేలోగా లూమింగ్ బంతిని దొర్లించింది. బంతి నదివైపు ఒరిగింది. పాత ఒరుగుడు కాదు, అందులో సగం. వంగి చూస్తే అట్ట నీళ్ళకు నాని మెత్తబడుతోంది.

చెప్పాలా? అడిగితే చెప్పేదే. పొన్సో రొప్పుతూ వచ్చి, కర్ర అందుకుని, ఆమెను గానీ బల్లను గానీ ఏమీ అడక్కుండానే బంతులు చెదరగొట్టాడు. వరసగా ఎనిమిదీ పడేశాడు. తొమ్మిదోదాన్ని మెల్లగా కొట్టాడు. అది పాకెట్ అంచు తాకి, బల్ల గట్టు వెంబడి దొర్లి, అందనంత దూరంలో ఆగింది.

"నది పిలిచింది!" అన్నారెవరో.

లూమింగ్ వంగింది. కన్ను కొత్త వాలును కొలిచింది. పాత వాలుకు ఎంత ఎడం ఇవ్వాలో చేతికి ఏళ్ళుగా తెలుసు, ఇవాళ అందులో సగమే ఇవ్వమని కన్ను చెప్పింది. తెల్లబంతి తీరుబడిగా వంపు తిరిగి వెళ్ళి తొమ్మిదోదానికి తగిలింది. అది పాకెట్‌లో పడింది.

హాలు హోరెత్తింది. నీళ్ళు చిమ్ముతూ తాతంగ్ ఉస్తింగ్ ఆమె భుజాలు పట్టుకున్నాడు. "ఈ కొట్టుడు నేర్పితే వచ్చేది కాదర్రా! పుట్టుకతో రావాలి! దేవుడిచ్చిన చెయ్యి!"

"దేవుడిచ్చిందే!" అందరూ అందుకున్నారు.

లూమింగ్ మొహం ఎర్రబడింది. పొద్దున్నే చేసిన చాకిరీ అంతా, భుజంనొప్పులన్నీ ఒక్క కేకలో కొట్టుకుపోయాయి.

పొన్సో తన కర్ర గోడకు ఆనించి పక్కకొచ్చాడు. కళ్ళల్లో నీళ్ళున్నాయి, అయినా నవ్వుతున్నాడు.

"ఇప్పుడు తెలిసిందా అట్సీ, ఇన్నేళ్ళూ నాకెలా ఉండేదో?"